తోకచుక్క, ఉల్క, గ్రహశకలం – ఏది ఏమిటి?



వార్షికోత్సవ సంచికకు ఒక వ్యాసం పంపమని కబురు రాగానే మేము ముగ్గురం ప్రొద్దుటూరులో కూర్చుని మాట్లాడుకున్నాం. మాలో ఒకరిది జమ్మలమడుగు, ఒకరిది పులివెందుల పక్క పల్లె, ఇంకొకరిది ప్రొద్దుటూరే. ఎనిమిది నుంచి పది దాకా ఒకే హాస్టల్లో, పక్కపక్కన ట్రంకుపెట్టెలు పెట్టుకుని చదివినవాళ్లం. పరీక్షల్లో విజయం సాధించడం ఎలాగో రాద్దామని ఒకరు, తల్లిదండ్రుల రుణం గురించి రాద్దామని ఒకరు అన్నారు. అవి ప్రతి ఏడూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. చివరికి మేము ఎనిమిదో తరగతిలో ఉండగా జరిగిన ఒక సంగతి గుర్తొచ్చి, ఈ పాఠం రాయాలని నిర్ణయించుకున్నాం.

2001 నవంబరు 18, ఆదివారం రాత్రి. గదిలో ఉక్కపోతకు, దోమలకు తట్టుకోలేక పదిమందిమి దుప్పట్లు తీసుకుని మిద్దెపైకి ఎక్కాం. అర్ధరాత్రి దాటాక ఒకడు లేచి అందరినీ తట్టి లేపాడు. ఆకాశంలో చుక్కలు రాలుతున్నాయి. ఒకటీ రెండూ కాదు, ఒకటి ఆరేలోగా ఇంకొకటి. కొన్నిటి వెనక తెల్లటి గీత కాసేపు అలాగే నిలిచిపోయేది. మేము కేకలు వేస్తూ లెక్కపెడుతున్నాం. మాకంటే ఒక తరగతి చిన్నవాడు ఒకడు మాత్రం దుప్పటి ముసుగేసుకుని ఏడుస్తున్నాడు. "చుక్క రాలితే ఒక పానం పోయినట్టంట గదన్నా. మా అవ్వ చెప్పింది. మా నాయనకు ఒంట్లో బాగలేదు" అన్నాడు. మేమేం చెప్పాం? "కండ్లు మూసుకోరా, చూడాకు" అన్నాం. మాకు తెలిసింది అంతే.

తెల్లవారుజామున మొదటి బస్సుకు వాడు ఎవరికీ చెప్పకుండా ఊరికి వెళ్లిపోయాడు. వాళ్ల నాయనకు ఏమీ కాలేదు. శనక్కాయల పని మీద ఉన్నాడట. ఎట్లాగూ వచ్చినావు, నాలుగు రోజులు పనిచేసి పో అన్నారట ఇంట్లో. ఆ నాలుగు రోజులు నెల అయ్యాయి. సంక్రాంతి తర్వాత వాళ్ల అన్న వచ్చి ట్రంకుపెట్టె తీసుకుపోయాడు. వాడి చదువు ఏడో తరగతితో ఆగిపోయింది.

ఆ రాత్రి రాలినవి చుక్కలు కావని, ఇసుక రేణువులంత ధూళి అని మాలో ఒక్కరికి తెలిసివున్నా వాడు ఆ బస్సు ఎక్కేవాడు కాదేమో. వాడిని ఈమధ్య పులివెందుల బస్టాండులో కలిశాం. కూతురు బాలికల హాస్టల్లో చదువుతోందని చెప్పాడు. ఆ పాప కూడా ఈ సంచిక చదువుతుందని తెలిసే, పాఠ్యపుస్తకంలో అర పేజీలో అయిపోయే విషయాన్ని కాస్త విడమరచి రాస్తున్నాం.

ముందు పేర్లు

సూర్యుడి చుట్టూ 8 గ్రహాలు, వాటి ఉపగ్రహాలు తిరుగుతున్నాయని మీకు తెలుసు. ఇవి కాక సూర్యుడి చుట్టూ తిరిగే చిన్న వస్తువులు లక్షల్లో ఉన్నాయి. రాతితో, లోహంతో చేసినవి గ్రహశకలాలు. వీటినే ఆస్టరాయిడ్లు అంటారు. మంచు, ధూళి కలిసినవి తోకచుక్కలు. సొంత బరువుకు గుండ్రంగా మారేంత పెద్దవై, గ్రహం స్థాయికి రానివి మరుగుజ్జు గ్రహాలు.

ఇక ఉల్క అనే మాట దగ్గరే అందరం తప్పులో కాలేస్తాం. ఉల్క ఒక వస్తువు పేరు కాదు, ఒక వెలుగు పేరు. అంతరిక్షంలో తిరిగే చిన్న రాయిని, ధూళి రేణువును ఉల్కాకణం అందాం. అది మన గాలిలోకి దూసుకొచ్చి వెలిగితే, ఆ వెలుగే ఉల్క. పూర్తిగా కాలిపోకుండా నేల మీద పడిన ముక్క ఉల్కాశిల. ఒకే మనిషి ఇంట్లో ఉంటే కొడుకు, బడికి వస్తే విద్యార్థి, బస్సెక్కితే ప్రయాణికుడు అయినట్టు, ఒకే రాయికి చోటును బట్టి మూడు పేర్లు. పోటీ పరీక్షల్లో ఈ ఒక్క తేడా మీద ప్రశ్న వస్తూనే ఉంటుంది. మాలో ఇద్దరం అక్కడే మార్కు పోగొట్టుకున్నాం.

మన జిల్లాలో సౌరకుటుంబం

ఇవి ఎంత దూరంలో ఉన్నాయో అంకెల్లో చెబితే బుర్రకెక్కదు. భూమికి, సూర్యుడికి మధ్య సుమారు 15 కోట్ల కిలోమీటర్లు అంటే ఎవరికి అర్థమవుతుంది? కాబట్టి మన ఊళ్ల లెక్కలో చూద్దాం. ఆ 15 కోట్ల కిలోమీటర్లను 10 కిలోమీటర్లు అనుకోండి. సూర్యుణ్ణి ప్రొద్దుటూరు బస్టాండులో పెట్టండి. బస్సు దారి లెక్క కాదు, మ్యాపు మీద స్కేలు పెట్టి తిన్నగా గీసిన దూరం.

ఈ లెక్కలో సూర్యుడు 93 మీటర్ల అడ్డుకొలత ఉన్న అగ్నిగోళం. బుధుడు 4 కిలోమీటర్ల దూరంలో, శుక్రుడు 7 కిలోమీటర్ల దూరంలో తిరుగుతారు. 10 కిలోమీటర్ల దగ్గర మన భూమి. దాని అడ్డుకొలత 85 సెంటీమీటర్లు, హాస్టల్ వంటగదిలోని పెద్ద గుండిగంత. కుజుడు 15 కిలోమీటర్ల దగ్గర. ఆ తర్వాత జమ్మలమడుగు వస్తుంది. ప్రొద్దుటూరు నుంచి తిన్నగా గీస్తే సుమారు 21 కిలోమీటర్లు. సరిగ్గా అక్కడే గ్రహశకలాల పట్టీ మొదలవుతుంది. గండికోట దాటి 33 కిలోమీటర్ల దాకా ఉంటుంది. పట్టీ అంటే ఒక పక్కనే ఉండేది కాదు, ప్రొద్దుటూరు చుట్టూ పెద్ద కంకణంలాగా తిరుగుతుంది. అటు కమలాపురం కూడా దాని లోపలి అంచుకు దగ్గరే.

గురుగ్రహం సూర్యుడికి 52 కిలోమీటర్ల దూరంలో ఉండాలి. పులివెందుల సుమారు 50 కిలోమీటర్లు. గురుడు అక్కడ తొమ్మిదిన్నర మీటర్ల బంతి, అంటే మూడంతస్తుల మిద్దె ఎత్తు. చివరి గ్రహం నెప్ట్యూన్ 300 కిలోమీటర్ల దగ్గర, దాదాపు హైదరాబాద్ దగ్గర. హైదరాబాద్ నుంచి నిర్మల్ దాకా ఉన్న దూరమంతా కైపర్ పట్టీ. ప్లూటో, దాని తోటి మంచు గోళాలు అక్కడివే. తోకచుక్కల్లో చాలా వాటికి పుట్టిల్లయిన ఊర్ట్ మేఘం ఇంకెక్కడో ఉంది. దాని వెలుపలి అంచు మన లెక్కలో కూడా దాదాపు 10 లక్షల కిలోమీటర్లు, అంటే నిజమైన చందమామను దాటి పోవాలి!

ఈ పటాన్ని మీ హాస్టల్ గోడ మీద గీయండి. మేము ఒక కాగితం మీద గీసుకున్నాకే మాకూ విషయం తెలిసింది.

జమ్మలమడుగు నుంచి గండికోట దాకా: గ్రహశకలాలు

1801 జనవరి 1న ఇటలీ దేశంలోని పలెర్మోలో పియాజీ అనే శాస్త్రజ్ఞుడు మొదటిదాన్ని చూశాడు. దాని పేరు సెరిస్, అడ్డుకొలత సుమారు 940 కిలోమీటర్లు. మన లెక్కలో ఆరు సెంటీమీటర్లు, పెద్ద నిమ్మకాయంత. గండికోట పక్కన ఎక్కడో తిరుగుతున్న ఒక నిమ్మకాయను ప్రొద్దుటూరు దారిలో నిలబడి కనిపెట్టడం ఎంత కష్టమో ఆలోచించండి. ఇప్పటికి 14 లక్షలకు పైగా గ్రహశకలాలను గుర్తించారు. అన్నిటినీ కలిపి ముద్దచేసినా మన చందమామ బరువులో 3 శాతం దాకానే వస్తుంది.

అంటే, ఒక పెద్ద గ్రహం పేలిపోయి ఈ ముక్కలు ఏర్పడ్డాయని కొన్ని పాత పుస్తకాల్లో రాసినది నిజం కాదు. గ్రహం కాలేకపోయిన సామగ్రి ఇది. పులివెందులలో పెట్టిన ఆ భారీ గురుగ్రహం ఆకర్షణ వల్ల ఈ ముక్కలు ఒకదానితో ఒకటి అతుక్కునే బదులు గట్టిగా ఢీకొని చెదిరిపోయాయి. సంగటి కట్టే వేళ పక్కనుంచి ఎవరో గిన్నెను కుదుపుతూ ఉంటే ముద్ద కుదరదు కదా, అలాగన్నమాట. సినిమాల్లో చూపినట్టు అక్కడ రాళ్లు కిక్కిరిసి కూడా ఉండవు. 1972లో పయొనీర్ 10 అనే నౌక ఈ పట్టీలోకి ప్రవేశించి, మరుసటి ఏడాది ఏ దెబ్బా తగలకుండా అవతలికి వెళ్లిపోయింది.

ఇందులో మన చెన్నపట్నానికి ఒక గౌరవం ఉంది. అప్పట్లో మన కడప జిల్లా మద్రాసు రాజధానిలో భాగం కాబట్టి మనకూ కొంత వాటా ఉందని మేము వాదిస్తాం. 1861లో మద్రాసు నక్షత్రశాలకు నార్మన్ పాగ్సన్ అనే ఆంగ్లేయుడు అధికారిగా వచ్చాడు. వచ్చిన కొద్ది నెలల్లోనే, ఏప్రిల్ 17న, ఒక కొత్త గ్రహశకలాన్ని కనిపెట్టాడు. ఆసియా ఖండం నుంచి కనిపెట్టిన మొట్టమొదటిది అదే కావడంతో దానికి ఆసియా అనే పేరు పెట్టారు. క్రమసంఖ్య 67. అడ్డుకొలత 60 కిలోమీటర్లకు అటూ ఇటూ. మన పటంలో జమ్మలమడుగుకూ గండికోటకూ మధ్య దొర్లే ఒక జొన్నగింజ.

ఎలా కనిపెట్టేవారు? టెలిస్కోపులో చూసినా గ్రహశకలం చుక్కలాగే ఉంటుంది. ఈ రాత్రి ఆకాశంలో ఒక భాగాన్ని పటం గీసుకోవాలి. రేపు, ఎల్లుండి మళ్లీ చూడాలి. నక్షత్రాలు ఒకదానికొకటి ఉన్నచోటే ఉంటాయి. ఏదైనా చుక్క వాటి మధ్య జరిగితే అదే దొంగ! రాత్రుళ్లు వరుసగా మేలుకోవడం తప్ప వేరే మంత్రం లేదు. పాగ్సన్ మద్రాసు నుంచి మరికొన్నిటిని కూడా కనిపెట్టాడు. చివరిది 1885లో దొరికిన వేరా. ఆ తర్వాత మన దేశంలో నూరేళ్లకు పైగా విరామం. 1988 ఫిబ్రవరి 17న తమిళనాడులోని కావలూరు నక్షత్రశాలలో ఆర్. రాజమోహన్ ఒకదాన్ని కనిపెట్టారు. దానికి గణితమేధావి రామానుజన్ పేరు పెట్టారు.

ఐసుగడ్డ, ఊక: తోకచుక్కలు

ఎండాకాలంలో ఐసు ఫ్యాక్టరీ నుంచి పెద్ద ఐసుగడ్డలు బండి మీద తెచ్చేవారు. కరగకుండా ఊక చల్లి గోనెసంచి కప్పేవారు. ఎండకు ఐసు కరిగిపోతే చివరికి బండి మీద మిగిలేది తడిసిన ఊకే. తోకచుక్క అలాంటిదే. మంచు, గడ్డకట్టిన వాయువులు, వాటిలో కలిసిన రాతి ధూళి. ఎక్కువ కాలం సూర్యుడికి చాలా దూరంలో, చీకట్లో, తోక లేకుండా ఉంటుంది. సూర్యుడికి దగ్గరగా వచ్చినప్పుడు మంచు ఆవిరై, ధూళిని లాక్కుంటూ బయటికి చిమ్ముతుంది. అప్పుడే తల చుట్టూ పొగ, వెనక తోక.

హేలీ తోకచుక్క గడ్డ 15 కిలోమీటర్ల పొడవు, 8 కిలోమీటర్ల వెడల్పు మాత్రమే. మన పటంలో ఒక మిల్లీమీటరు. ఆ ఇసుక రేణువంత గడ్డ ప్రొద్దుటూరుకు 6 కిలోమీటర్ల దగ్గరికి వచ్చి, మళ్లీ హైదరాబాద్ దాటి 350 కిలోమీటర్ల దాకా పోయి తిరిగి వస్తుంది. ఒక్క చుట్టుకు సుమారు 76 ఏళ్లు. 1910లో వచ్చింది, 1986లో వచ్చింది, 2061లో వస్తుంది.

వెనక తోక అన్నాం గానీ, అదీ పూర్తిగా సరికాదు. లారీ వెనక దుమ్ములాగా తోక ఎప్పుడూ వెనకే ఉండదు. కళ్లంలో తూర్పారబట్టడం చూసే ఉంటారు. చేటతో పట్టే మనిషి ఎటు నడిచినా పొట్టు గాలి వాటానికే పోతుంది. ఇక్కడ గాలి సూర్యుడి నుంచి వీస్తుంది. సూర్యకాంతి, సూర్యుడి నుంచి వచ్చే విద్యుత్ కణాలు తోకను ఎప్పుడూ సూర్యుడికి వ్యతిరేక దిశలోకి తోస్తాయి. అందుకే తిరిగి వెళ్లేటప్పుడు తోకచుక్క తన తోకను ముందు పెట్టుకుని పోతుంది! జాగ్రత్తగా చూస్తే రెండు తోకలు ఉంటాయి. ధూళి తోక వంపుగా, పసుపు తెలుపుగా ఉంటుంది. వాయువు తోక తిన్నగా, నీలంగా ఉంటుంది.

తోకచుక్క పేరు చెబితే హైదరాబాదులో పెరిగిన వైను బప్పు గురించి చెప్పకుండా ఉండలేం. ఆయన తండ్రి నిజామియా నక్షత్రశాలలో ఉద్యోగి. నిజాం కాలేజీలో చదివి, హైదరాబాద్ ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో అమెరికాలోని హార్వర్డ్‌కు వెళ్లాడు. 1949లో, ఇరవై రెండేళ్లైనా నిండీ నిండకముందే, ఒక ఫొటో పలక మీద కొత్త తోకచుక్కను పట్టాడు. దానికి ఆయన పేరు, ఆయనతోపాటు గుర్తించిన బాక్, న్యూకిర్క్‌ల పేర్లు కలిపి పెట్టారు. ఆ ఏడాదే ఆయనకు డోనహో పతకం దక్కింది. స్కాలర్‌షిప్ మీద చదువుకున్న పిల్లవాడు, అది మనం గమనించాల్సిన సంగతి. తర్వాత కావలూరు నక్షత్రశాలను నిలబెట్టింది కూడా ఆయనే.

తోకచుక్క వచ్చిందంటే మన జిల్లాలో కాలజ్ఞానం మాట రాకుండా ఉండదు. కరువు, కలరా, రాజు మరణం, అన్నీ దాని నెత్తినే వేస్తారు. 1910లో భూమి హేలీ తోక గుండా వెళ్తుందని తెలిసి విదేశాల్లో కూడా జనం బెంబేలుపడ్డారు. ఏమీ కాలేదు. తోక అంత పలచన. కరువు సంవత్సరాలు మన సీమలో తోకచుక్క లేకుండానే ఎన్ని వచ్చాయో మీ తాతలను అడగండి.

ఆ రాత్రి ఏం జరిగింది?

ఐసు కరిగాక ఊక మిగులుతుందన్నాం కదా. తోకచుక్క తిరిగిన దారి పొడవునా దాని ధూళి మిగిలిపోతుంది. భూమి ఏటా అదే తేదీల్లో ఆ దారిని దాటుతుంది. అప్పుడు ఆ ధూళి మన గాలిలోకి దూసుకొస్తుంది. మేము మిద్దెపైన చూసింది టెంపెల్-టటిల్ అనే తోకచుక్క వదిలిన ధూళి. సింహరాశి వైపు నుంచి వచ్చినట్టు కనబడుతుంది కాబట్టి లియోనిడ్లు అంటారు. ఆ తోకచుక్క 33 ఏళ్లకు ఒకసారి వస్తుంది. 1998లో వచ్చిపోయింది కాబట్టే 2001లో అంత జోరు.

వాటిలో చాలావరకు ఇసుక రేణువంత, మహా అయితే రాగిగింజంత. కానీ వేగం సెకనుకు 71 కిలోమీటర్లు. ప్రొద్దుటూరు నుంచి పులివెందులకు ఒక్క సెకను కూడా పట్టదు. ఆ వేగానికి ముందున్న గాలి నలిగి వేడెక్కి, సుమారు 100 కిలోమీటర్ల ఎత్తులోనే రేణువు ఆవిరైపోతుంది. ఆ వెలుగునే మనం చుక్క రాలింది అంటాం. నక్షత్రం ఏదీ రాలలేదు. దీనికి రుజువు మన చేతిలోనే ఉంది. మరుసటి రాత్రి పైకి వెళ్లి చూడండి. గొల్లకావడి, పిల్లలకోడి, సప్తర్షులు, అన్నీ ఉన్నచోటే ఉంటాయి. లెక్కకు ఒక్కటీ తగ్గదు. ఆ పిల్లవాడికి మేము చెప్పాల్సిన మాట ఇదొక్కటే. చెప్పడానికి పుస్తకం కూడా అక్కర్లేదు.

తోకచుక్కకూ ఉల్కలకూ ఉన్న ఈ చుట్టరికం శాస్త్రజ్ఞులకు ఎలా తెలిసిందో కూడా వినదగ్గ కథే. బీలా అనే తోకచుక్క 1846లో అందరూ చూస్తుండగానే రెండుగా చీలింది. 1852లో రెండు ముక్కలూ కనబడ్డాయి. ఆ తర్వాత మళ్లీ ఎవరికీ కనబడలేదు. 1872 నవంబరు 27న భూమి దాని దారిని దాటినప్పుడు, ఐరోపాలో వేలకు వేలు ఉల్కలు కురిశాయి. జర్మనీ నుంచి క్లింకర్‌ఫ్యూస్ అనే శాస్త్రజ్ఞుడు మద్రాసులోని పాగ్సన్‌కు తంతి పంపాడు: బీలా భూమిని తాకి పోయింది, దక్షిణాకాశంలో వెతకండి అని. మబ్బుల మధ్య సందు చూసుకుని పాగ్సన్ వెతికితే డిసెంబరు 2, 3 తేదీల్లో నిజంగానే ఒక తోకచుక్క దొరికింది. మళ్లీ మబ్బు కమ్మేసింది! అది బీలాకు సంబంధించినది కాకపోవచ్చని తర్వాత లెక్కలు చెప్పాయి. తోకచుక్క శిథిలాలే ఉల్కలవుతాయన్న విషయం మాత్రం ఆ రాత్రితో గట్టిపడింది.

నేల మీద పడినవి

ఇలాంటి ధూళి నేల దాకా రాదు. నేల మీద పడే ఉల్కాశిలల్లో దాదాపు అన్నీ గ్రహశకలాల ముక్కలు. కొద్దిగా చందమామవి, కుజుడివి కూడా ఉన్నాయి. మనకు దగ్గరలో ఒకటుంది. 1814లో గుర్రంకొండలో ఒక ఉల్కాశిల పడింది. అప్పుడు గుర్రంకొండ కడప జిల్లాలోనిదే. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు ఆ ప్రాంతం అటు వెళ్లింది. నెల్లూరు ప్రాంతంలో 1852 జనవరిలో మరొకటి, తిరుపతిలో 1934లో ఇంకొకటి పడ్డాయి. ప్రపంచ ఉల్కాశిలల జాబితాలో ఈ ఊళ్ల పేర్లతోనే ఉన్నాయి. ఉల్కాశిలకు అది పడిన ఊరి పేరే పెట్టడం ఆచారం.

మాలో ఒకరు డిగ్రీ చదివే రోజుల్లో ఒక అంగడిలో ఉల్కరాయి అని చెబితే మూడు వందలు పెట్టి ఉంగరానికని ఒక నల్లరాయి కొన్నారు. ఎవరో పేరు అడగొద్దు. రాయి నిండా చిన్న చిన్న బుడగల గుంటలు. అది ఇనుప చిట్టెం. కొలిమిలో, ఫ్యాక్టరీలో ఇనుము కరిగించినప్పుడు మిగిలే మడ్డి! మీరు అలా మోసపోకుండా ఈ పరీక్షలు చేయండి. ఉల్కాశిల సైజుకు మించి బరువుగా ఉంటుంది. కొత్తగా పడినదైతే పైన పలచటి నల్లటి కాలిన పొర ఉంటుంది. చాలావాటిలో ఇనుము, నికెల్ ఉంటాయి కాబట్టి అయస్కాంతం అంటుకుంటుంది. లోపల బుడగలు ఉండవు. మన నాపరాయి నల్లగా ఉన్నా పొరలు పొరలుగా ఉంటుంది, అయస్కాంతం అంటదు. వేముల, మంగంపేట ముగ్గురాయి బాగా బరువే గానీ దానికీ అంటదు. బరువు ఒక్కటే చూసి మోసపోకూడదన్నమాట.

ఈ రాళ్లకు అంత విలువ ఎందుకంటే వయసు. పులివెందుల వైపు కొండల్లో పొరల మధ్య చొచ్చుకొచ్చిన నల్లరాయికి సుమారు 190 కోట్ల ఏళ్లు. మనకు అదే అనాది కాలం. ఉల్కాశిలల్లో చాలావాటికి 450 కోట్ల ఏళ్లకు పైమాటే. భూమి కట్టిన ఇటుకల్లో వాడకుండా మిగిలిపోయినవి అనుకోవచ్చు. అందుకే జపాన్ వాళ్లు ర్యుగు నుంచి 2020లో 5 గ్రాములకు కాస్త ఎక్కువ, అమెరికా వాళ్లు బెన్ను నుంచి 2023లో 121 గ్రాముల మట్టిని అంత ఖర్చుపెట్టి తెచ్చుకున్నారు.

గీతలు చెరిగే చోట

ప్లూటో సంగతి రెండు మాటల్లో. మేము చదివినప్పుడు గ్రహాలు 9. 2006 ఆగస్టు 24న ప్రాగ్ నగరంలో అంతర్జాతీయ ఖగోళ సంఘం ప్లూటోను మరుగుజ్జు గ్రహాల్లో చేర్చింది. గుండ్రంగా ఉన్నా, తన దారిలో తనలాంటివాటిని తొలగించుకోలేకపోవడమే కారణం. అధికారికంగా ఇవి ఐదు: సెరిస్, ప్లూటో, ఎరిస్, హౌమియా, మకెమకె. సెరిస్‌ను మొదట గ్రహమన్నారు, తర్వాత గ్రహశకలమన్నారు, ఇప్పుడు మరుగుజ్జు గ్రహమంటున్నారు. అది మాత్రం మారకుండా తిరుగుతూనే ఉంది.

ఇంకొక చిక్కు. డిసెంబరులో వచ్చే జెమినిడ్ ఉల్కలకు మూలం తోకచుక్క కాదు, ఫేథాన్ అనే గ్రహశకలం. రాయి, మంచు అని మనం గీసుకున్న గీత ప్రకృతి గీసింది కాదు. పరీక్షలో మాత్రం గీత ప్రకారమే రాయండి!

భయపడాలా?

1979లో స్కైలాబ్ మన నెత్తిన పడుతుందని పల్లెల్లో కోళ్లు, మేకలు కోసుకుని తిన్నారని, ఉన్నదంతా ఖర్చుపెట్టేశారని మా పెద్దలు చెప్పేవారు. అది మనిషి పంపిన నౌక. జులై 11న హిందూ మహాసముద్రంలో, పశ్చిమ ఆస్ట్రేలియాలో ముక్కలై పడింది. ఇక్కడ అప్పు చేసినవాళ్లు మాత్రం తీర్చుకోవాల్సి వచ్చింది.

అసలు ప్రమాదమే లేదని చెప్పడం కూడా అబద్ధమే. 2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్స్క్ మీద సుమారు 20 మీటర్ల రాయి గాలిలోనే పేలింది. దాదాపు 1,500 మంది గాయపడ్డారు, ఎక్కువమంది పగిలిన కిటికీ అద్దాల వల్ల. వెలుగు చూసి కిటికీ దగ్గరికి పరిగెత్తారు, శబ్దం ఆలస్యంగా వచ్చింది. మెరుపు తర్వాత ఉరుము వచ్చినట్టు. కాబట్టి పగటిపూట కూడా కళ్లు జిగేలుమనే వెలుగు కనబడితే అద్దాలకు దూరంగా ఉండండి. 2022 సెప్టెంబరు 26న నాసా పంపిన డార్ట్ నౌక డైమోర్ఫస్ అనే చిన్న గ్రహశకలాన్ని కావాలనే గుద్ది, అది తన పెద్ద రాయి చుట్టూ తిరిగే సమయాన్ని అరగంటకు పైగా తగ్గించింది. వచ్చే రాయిని పక్కకు నెట్టవచ్చని రుజువైంది.

2029 ఏప్రిల్ 13న అపోఫిస్ అనే గ్రహశకలం భూమికి సుమారు 32,000 కిలోమీటర్ల దగ్గరగా పోతుంది. మన టీవీ ఉపగ్రహాలు తిరిగే ఎత్తు కంటే దగ్గర. గుండిగంత భూమికి రెండు మీటర్ల పక్కనుంచి పోయినట్టు. అది భూమిని గుద్దదు. కనీసం మరో నూరేళ్లు దానితో ప్రమాదం లేదని శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. ఆ రోజు దగ్గరపడేకొద్దీ సెల్‌ఫోన్లలో ఏమేం తిరుగుతాయో మేము ఇప్పుడే చెప్పగలం. అప్పటికి మీలో కొందరు ఇంటర్‌లో, డిగ్రీలో ఉంటారు. చిన్నపిల్లలు మిమ్మల్నే అడుగుతారు.

అంతకుముందే ప్రతి ఏడూ డిసెంబరు 13 రాత్రి జెమినిడ్లు ఉన్నాయి. టెలిస్కోపు అక్కర్లేదు. వార్డెన్ సారుకు ముందే చెప్పి, వాచ్‌మన్ అన్నను తోడు తీసుకుని మిద్దెపైకి వెళ్లండి. పిట్టగోడకు దూరంగా పడుకోండి. లైట్లు ఆర్పించి, సెల్‌ఫోన్లు పక్కనపెట్టి, కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఇరవై నిమిషాలు ఓపికపట్టండి. చందమామ లేని ఏడాదైతే ఇంకా బాగా కనబడతాయి. ఒకరు లెక్కపెట్టండి, ఒకరు టైము రాయండి. తెల్లవారుజామున చలి ఎక్కువ, దుప్పట్లు మరిచిపోవద్దు. మీ లెక్క ఎంత వచ్చిందో వచ్చే సంచికలో రాయండి.

మీ అన్నలు,
పూర్వ విద్యార్థులు
ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల